మలుపు దగ్గర చొక్కా

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టి నది ఒడ్డులు ఒరుసుకుని పారుతున్న రోజుల్లో, నేనున్న చోట ఎవరూ లేరని మా అమ్మాయి రోజూ మైకులో చెప్పేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎండ వాలాక మరోసారి. నేను కిటికీ దగ్గర నిలబడి వినేవాణ్ని. ఎవరూ లేని చోట నిలబడి వింటున్నవాడెవడో మరి.

షికారు పడవ మా ఊరికి ఆ ఏడే కొత్తగా వచ్చింది. రెండంతస్తుల పడవ, పైన రంగురంగుల గొడుగులు, ముందు కొసన గంగాళమంత లౌడ్‌స్పీకరు. రైలు వంతెన కింద రేవులో జనాన్ని ఎక్కించుకుని, పాత గిడ్డంగుల పక్కగా ఎగువకి వచ్చి, తాళ్లు పేనే మా కొట్టం ముందు మలుపు తిరిగి వెనక్కి పోయేది. అంతకన్నా పైకి రావడానికి లేదు, ఇసుక దిబ్బ అడ్డం. నీళ్లున్నన్నాళ్లే దాని ఆట. ఎండలు ముదిరి దిబ్బ తేలిందంటే పడవని రేవులో కట్టేసుకోవలసిందే.

మలుపు తిరుగుతున్నప్పుడు ఆ స్పీకరు మూతి అవతలి ఒడ్డుకి తిరిగిపోయేది. అంతవరకూ ఖంగున వినబడుతున్న మాట, ఎవరో తలుపు మూసినట్టు ఠక్కున ఆగిపోయేది. తర్వాత చెప్పేదంతా అవతలున్న ఇటుక బట్టీలకీ కూరగాయల మళ్లకీ. నాకు దక్కేది మొదటి సగం. ఆ సగంలో ఆఖరి ముక్క ఎప్పుడూ ఒకటే.

"ఎడమ వైపు కనిపిస్తున్న పొడవాటి కట్టడం ఒకప్పటి తాళ్ల కొట్టం. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు."

నేను ఉన్నాను. ఊరికే ఉండటం కాదు, తాళంచెవుల గుత్తి నడుముకి కట్టుకుని మరీ ఉన్నాను. ప్లాస్టిక్ తాడు వచ్చి మా నార తాడుని మింగేశాక యజమానులు చక్రాలూ సామానూ చాలావరకు అమ్మేసి, ఎవరైనా కొట్టం కొనేదాకా చూస్తూ ఉండమని ముందు గది నాకు వదిలేశారు. ఎవరూ కొనలేదు. నేనూ వదల్లేదు.

తాడు పేనడం ఇద్దరు చేసే పని. ఒకళ్లు ఈ చివర చక్రం తిప్పాలి. ఇంకొకళ్లు నార నడుముకి చుట్టుకుని, కొస కొక్కేనికి తగిలించి, వేళ్ల మధ్య నుంచి కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి నడవాలి. వెనక్కి నడిచేవాణ్ని నేను. చక్రం మా ఆవిడ చేతిలో ఉండేది. ఊళ్లో చక్రం తిప్పడమంటే అర్థం వేరు గానీ, మా ఇంట్లో నిజంగానే ఆవిడ తిప్పేది, ఆ అర్థంలోనూ ఈ అర్థంలోనూ. పురి ఎక్కేకొద్దీ నేను అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి పోయేవాణ్ని. తాడు పొడుగయ్యేకొద్దీ ఆవిడ మొహం చిన్నదయ్యేది. అటు చివరికి చేరేసరికి నవ్వుతోందో విసుక్కుంటోందో కూడా తెలిసేది కాదు. పేనిన తాడు చుట్టుకుంటూ మళ్లీ వస్తే మళ్లీ దగ్గరయ్యేది. పెళ్లాం మొహం చూస్తూ రోజంతా దూరం జరిగే ఉద్యోగం నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. ఆ సంగతి ఆవిడతో అంటే, నీ మొహం చిన్నదైనకొద్దీ నాకు హాయిగా ఉంటుందనేది.

ఆవిడ పోయి అప్పటికి ఏడాది. ఆ ఏడాదిలో మా అమ్మాయి ఎన్నిసార్లు వచ్చి పిలిచిందో. వంతెన అవతల మెరకలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో దానికి రెండు గదులున్నాయి. ఒక గదిలోంచి నది కనబడుతుందని ఆశ పెట్టింది. నది నాకు మెట్ల దగ్గరే ఉంది, అద్దం కిటికీలోంచి చూడక్కర్లేదన్నాను. వానలు మొదలయ్యే ముందు ఆఖరిసారి వచ్చినప్పుడు చేతిలో ఒక సంచీ ఉంది. అందులో నాకు కొన్న చొక్కా. ఆవపువ్వు రంగు. ఆ రంగు చూసి నవ్వాను, అదీ తప్పయిపోయింది. మాట మీద మాట పెరిగింది.

"అమ్మ లేదు. పని లేదు. ఇంకా దేనికి కాపలా కాస్తున్నావు నాన్నా, నీ మొండితనానికా?"

"అది నయం. నన్ను వదిలేసి అవతలి ఒడ్డుకి పోలేదు."

నోరు జారిందని అప్పుడే తెలిసింది. దాని మొహం చిన్నబోయింది. సంచీ బల్ల మీద పెట్టి, నువ్వు పిలిచేదాకా ఈ గుమ్మం తొక్కనని చెప్పి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. దాని మొండితనం నా దగ్గర్నుంచి వచ్చిందే, కొత్తగా కొనుక్కున్నది కాదు. వారంలో దిగొస్తుందనుకున్నాను. అది కూడా నా గురించి అలాగే అనుకుని ఉంటుంది. ఫోను రోజూ ఛార్జింగు పెట్టేవాణ్ని. అది మోగేది కాదు, నేను మోగించేవాణ్ని కాదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, మొహం కడుక్కుంటుంటే నది మీద నుంచి మా ఆవిడ గొంతు వినబడింది. చేతిలో చెంబు జారి మెట్ల మీద దొర్లింది. మా ఆవిడ గొంతే, కాకపోతే చదువుకున్న గొంతు. ఊరి చరిత్ర చెబుతోంది. మా అమ్మాయి పడవ కంపెనీలో ఏదో ఉద్యోగంలో చేరిందని తెలుసు గానీ, ఆ ఉద్యోగం ఇదని అప్పటిదాకా నాకు తెలియదు.

"నది ఇక్కడ మోచెయ్యి మడిచింది కాబట్టే ఈ ఊరు పుట్టింది" అని మొదలుపెట్టేది. ఆ మాట నాది. చిన్నప్పుడు దాన్ని నార మోపుల మీద కూర్చోబెట్టి నేను చెప్పిన మాట. నన్నడక్కుండా వాడుకుంటోంది. పైన బండలు, కింద ఇసుక, అందుకని పెద్ద పడవలు ఈ మలుపు దాటలేకపోయేవని, సరుకంతా ఇక్కడే దింపి బళ్లకెక్కించేవారని చెప్పేది. సరుకు దింపే చోట గిడ్డంగి లేచింది, గిడ్డంగి చుట్టూ హమాలీలు చేరారు, పడవలకి పూయడానికి తారు వచ్చింది, కట్టడానికి తాడు వచ్చింది. తర్వాత రైలు వంతెన కట్టారు. సరుకు వంతెన మీద నుంచి పోయింది, వంతెన కింద పడవలు కుళ్లిపోయాయి. నూలు మిల్లు వచ్చి ఒక తరాన్ని పోషించి అదీ మూతపడింది. ఇప్పుడు ఊరు బతుకుతున్నది ఆసుపత్రుల మీదా కాలేజీల మీదా. "జబ్బులూ పరీక్షలూ ఉన్నన్నాళ్లు ఈ ఊరికి ఏ లోటూ లేదు" అనేది. పడవలో జనం నవ్వేవారు. నేను కిటికీ దగ్గర నవ్వాపుకునేవాణ్ని. కోపంలో ఉన్నవాడు నవ్వితే ఇంకేముంది.

తప్పులు కూడా పట్టేవాణ్ని. ఎర్ర తలుపుల గిడ్డంగిని ఉప్పు గిడ్డంగి అనేది. అది నూనెదని గోడకి చెప్పేవాణ్ని. గోడ ఒప్పుకునేది. మూడు పూటలా దానితో వాదించడానికి నాకు ఒక పని దొరికింది, అబద్ధమెందుకు, రోజంతా నాకున్న పని అదే. పడవ వెళ్లిపోయాక కొట్టంలో నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ చప్పుడు అటు చివర దాకా పోయి తిరిగి నా దగ్గరికే వచ్చేది.

అంతా బాగానే చెప్పి, చివరికి వచ్చేసరికి ఆ మాట. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. మొదటిసారి విన్నప్పుడు కంపెనీ వాళ్లు రాసిచ్చిన పాఠం అనుకుని ఊరుకున్నాను. వారం గడిచినా అదే మాట. కన్నతండ్రి ఉన్నాడని తెలిసి కూడా, ఎవరో రాసిచ్చారని, చిలకలాగా అదే మాట. ఒళ్లు మండింది. పిలిస్తే తప్ప రానన్నది సరే, లెక్కలోంచే తీసేసిందా?

లేకపోవడమేమిటో చూపిద్దామని అటక మీద మిగిలిన నార కిందికి దించాను. ఒక చక్రం ఇంకా ఉంది, మా ఆవిడది, దాన్ని నేను అమ్మనివ్వలేదు. పడవ వచ్చే వేళకి పెద్ద తలుపులు రెండూ బార్లా తెరిచి, చక్రం గట్టిగా తిప్పి వదిలేసి, నార పట్టుకుని వెనక్కి నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో చక్రం ఆగిపోయింది. ఎక్కిన పురి కాస్తా విప్పుకుంది. మళ్లీ వెళ్లి తిప్పాను, మళ్లీ వచ్చి పట్టుకున్నాను. ఆ పరుగు చూసినవాళ్లెవరైనా ఉంటే ఈ వయసులో ఈయనకి ఆటలేమిటనుకుని ఉంటారు. చూసినవాళ్లు లేరు. నాలుగోసారి పరిగెత్తేసరికి ఆయాసం వచ్చి నార మోపు మీద కూలబడ్డాను. ఎదురుగా చక్రం, దాని వెనక ఖాళీ పీట. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

మర్నాటి నుంచి తేలిక దారి పట్టాను. ఎప్పుడూ పెరటి వైపు ఆరేసుకునే బట్టలు తెచ్చి, నది మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీ మీద ఆరేయడం మొదలుపెట్టాను. మనిషి లేని చోట తడి చొక్కా ఎలా ఉంటుందో చెప్పమను, వింటాను. నాకున్నవి నాలుగు చొక్కాలు, రోజుకి ఒకటి. నీలం, గళ్లది, బూడిద రంగుది, జేబు చిరిగిన తెల్లది. పూటపూటా పడవ వచ్చే ముందు వెళ్లి చేతులు రెండు పక్కలా చాపినట్టుగా సర్ది వచ్చేవాణ్ని.

దానికి చీమ కుట్టినట్టయినా లేదు. అదే పాఠం, అదే ఎవరూ లేరు, అదే మలుపు. పైపెచ్చు మలుపు తిరిగాక పడవలో జనం మా మెట్ల వైపు తిరిగి వేళ్లు చూపిస్తూ నవ్వుకునేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఒకరోజు ఒక ముసలాయన నాకేసి చెయ్యి ఊపాడు. పాడుబడిన కట్టడం ముందు బట్టలారేసుకునే పిచ్చివాణ్ని కూడా చూడవలసిన వింతల్లో చేర్చారనుకున్నాను. నేను చెయ్యి ఊపలేదు. తలుపు వేసుకున్నాను.

మధ్యలో ఒకసారి నడుం పట్టేసింది. మంచం మీద నుంచి లేవలేకపోయాను, ఉతకడం మాట దేవుడెరుగు. ఎండ వాలాక పడవ వచ్చి వెళ్లిన కాసేపటికి సరంగు తలుపు తట్టాడు. పడవ నడిపేది అతనే. ఒకప్పుడు సరుకు పడవల మీద ఉండేవాడు, మా తాళ్లు కొనేవాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ నోరారా బావా అంటాడు. ఇటుగా పోతూ వచ్చానన్నాడు. మా కొట్టం ఎటూ పోయే దారిలో లేదు. టీ పెట్టి ఇచ్చాడు, నడుముకి మందు రాశాడు, ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. వెళ్తూ వెళ్తూ, రేపు బట్టలు ఆరేస్తావుగా అన్నాడు. నడుం నొప్పి మనిషిని అడగాల్సిన మాటేనా అది అని విసుక్కున్నాను. నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు ఎలాగో లేచి జేబు చిరిగిన తెల్ల చొక్కా ఆరేశాను.

చలి తగ్గింది. మెట్లు ఒక్కొక్కటే నీళ్లలోంచి బయటికి వచ్చాయి. పాచి పట్టిన మెట్టు ఒకటి కనబడిందంటే నది దిగుతున్నట్టు. ఇసుక దిబ్బ దగ్గర నీళ్ల రంగు మారింది. అప్పుడు మళ్లీ వచ్చాడు సరంగు. ఈసారి ఇటుగా పోతూ రాలేదు, కూర్చోవడానికి వచ్చాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నది గురించే మాట్లాడాడు. గ్లాసు కింద పెట్టి అసలు సంగతి చెప్పాడు.

"ఈ నీళ్లు ఉన్నదాకే బావా. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కంపెనీకి ఇంకా పెద్ద పడవలున్నాయి. అక్కడ ఏడాది పొడుగునా నీళ్లే. అమ్మాయిని అక్కడికి వేశారు."

"నాతో చెప్పమందా?"

"చెప్పొద్దని మాత్రం అనలేదు."

అతను వెళ్లాక కొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను, వెనక్కి. అలవాటు కొద్దీ. ఆ చివర నుంచి చూస్తే పీట కనబడదు, చక్రం మాత్రం చుక్కలాగా కనబడుతుంది. అవతలి ఒడ్డంటే పంతం పట్టినా ఏదో ఒకనాటికి వంతెన దాటొచ్చు. సముద్రం మొగకి ఏ వంతెన ఉంది? ఒక్క మాట అనుకోకుండా వెళ్లిపోతుందా అని భయం వేసింది. భయం వేయగానే ఎప్పటిలాగే కోపం తెచ్చుకున్నాను, నాకు అదే చేతనవును. రేపు ఆ పడవెక్కుతాను, ముందు వరసలో కూర్చుంటాను, నా మొహం చూస్తూ ఎవరూ లేరని అనమను చూద్దాం అనుకున్నాను.

తెల్లవారుతూనే లేచి బల్ల మీది సంచీ విప్పాను. ఆవపువ్వు రంగు చొక్కా తొడుక్కున్నాను. సరిగ్గా సరిపోయింది. అద్దంలో చూసుకుంటే పెళ్లికొడుకుకీ పిచ్చికుంకకీ మధ్యన ఉన్నాను. తాళం వేసి ఒడ్డు వెంట నడిచి రేవుకి వచ్చాను. టికెట్ల దగ్గర ఎవరో కొత్త కుర్రాడు, నన్నెరగడు. అంతవరకూ ఉన్న పౌరుషం పడవ బల్లమీద కాలు పెట్టగానే జారిపోయింది. తువ్వాలు తల మీంచి గుండెల దాకా ముసుగు వేసుకుని ఆఖరి వరసలో కుడి పక్కన నక్కి కూర్చున్నాను.

మా అమ్మాయి వచ్చింది. చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది. మైకు పట్టుకుని, నదికి వీపు పెట్టి, మా వైపు తిరిగి నిలబడింది. పడవ కదిలింది. మేమంతా ముందుకి పోతున్నాం, అది మాత్రం మమ్మల్ని చూస్తూ వెనక్కి పోతోంది. తాళ్లు పేనేవాళ్ల పిల్ల అనుకున్నాను. ఏం అనుకున్నా కళ్లలో నీళ్లే వస్తున్నాయి, గాలికి కాదు.

మోచెయ్యి మడిచిన నది దగ్గర మొదలుపెట్టింది. ఎర్ర తలుపుల గిడ్డంగి దగ్గరికి వచ్చినప్పుడు చూశాను. గోడలు మనిషెత్తు దాకా ఉప్పు తిని పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి. నది వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు నేను. సరే, ఉప్పే.

నా పక్కన ఒకావిడ కూర్చుంది, అవతలి పక్క వాళ్ల అత్తగారు. ఆవిడ నన్ను చూసి, మీరు మొదటిసారి వస్తున్నారా అని అడిగింది. అవునన్నాను. అయితే ఎడమ పక్కకి జరగండి, అసలైంది అటు వైపే ఉంది అంది. తను వచ్చి వెళ్లి వారం కాలేదట, వాళ్లత్తగారికి చూపిద్దామని మళ్లీ వచ్చిందట. ఏమిటమ్మా ఆ అసలైంది అన్నాను.

"చొక్కా. మలుపు దగ్గర ఆరేసి ఉంటుంది. ఈ అమ్మాయి వాళ్ల నాన్నగారిది. ఎవరూ లేరని కంపెనీ వాళ్లు రాసిచ్చారు గానీ మా నాన్న ఉన్నారండీ అంటుంది. ఏ రంగు చొక్కా ఉందో ముందు ఎవరు చెబితే వాళ్లు గెలిచినట్టు. నేను వచ్చిన రోజు గళ్లది. చొక్కా ఉందంటే ఆయన బాగానే ఉన్నట్టట, అందరూ ఒకసారి చెయ్యి ఊపండి అంటుంది. ఊపాం."

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినబడటం మానేసింది. నేను నాలుగు నెలలుగా సగం విన్నాను. ఆ మిగతా సగమంతా ఇటుక బట్టీలు విన్నాయి. పట్టేసిన నడుముకి మందు రాయడానికి సరంగు ఎందుకు వచ్చాడో, రేపు బట్టలారేస్తావా అని ఎందుకు అడిగాడో, ఆ ముసలాయన ఎందుకు చెయ్యి ఊపాడో, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. వాటి వెనకాలే ఇంకొకటి. ఈ పొద్దున నేను చొక్కా ఆరేయలేదు.

లేవాలి. లేచి చెప్పాలి. ఇంత జనంలో తువ్వాలు ముసుగేసుకుని దొంగలాగా కూర్చున్నవాణ్ని, లేచి ఏమని చెప్పను? ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటూనే ఉన్నాను. ఎడమ పక్కన కొట్టం కప్పు కనబడింది. నీళ్ల మీద నుంచి చూస్తే ఎంత పొడుగో. ఎంత ఖాళీగా ఉందో.

"ఎడమ వైపు కనిపిస్తున్న పొడవాటి కట్టడం ఒకప్పటి తాళ్ల కొట్టం. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు" అంది. పడవ మలుపు తీసుకుంది. అది మా మీద నుంచి చూపు తిప్పకుండానే, గొంతులో నవ్వు తెచ్చుకుని, "అని నాకు రాసిచ్చారు. కాస్త ఆ మెట్ల పక్కన చూడండి" అంది.

అందరూ చూశారు. ఎవరూ రంగు చెప్పలేదు. అప్పుడు అది తల తిప్పి చూసింది.

కమ్మీ ఖాళీగా ఉంది. తలుపులు మూసి ఉన్నాయి. దాని చెయ్యి మైకుతో సహా కిందికి దిగిపోయింది. స్పీకరులోంచి గాలి హోరు తప్ప ఏమీ రావడం లేదు. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అది మైకు బల్ల మీద పడేసి సరంగు గదిలోకి పరిగెత్తింది. ఏం చెప్పిందో మాకు వినబడలేదు. పడవ సగం తిరిగిందల్లా ఆగి, మూలిగి, మా మెట్ల వైపు మళ్లింది. మా అమ్మాయి మళ్లీ బయటికి వచ్చి కొసన నిలబడింది, కొట్టం వైపు తిరిగి, రెండు చేతులతో పడవ కమ్మీ పట్టుకుని. ఎవరికో ఏదో అయిందన్న సంగతి అందరికీ అర్థమైపోయింది.

నేను లేచాను. తువ్వాలు తీసేశాను. బల్లల మధ్య నుంచి ముందుకి నడిచాను. ఆ దూరం మా కొట్టం కన్నా పొడుగనిపించింది. దాని వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

"అక్కడ లేనే" అన్నాను. "ఇక్కడ ఉన్నాను."

తిరిగింది. ముందు చొక్కా చూసింది. తర్వాత నా మొహం చూసింది. ఏడవలేదు, వాళ్లమ్మ కూడా అంతే.

"టికెట్ కొన్నావా?" అంది.

"కొన్నాను."

"నాకు చెబితే ఊరికే ఎక్కించేదాన్ని కదా."

"నువ్వు రోజూ చెప్పేది నాకు సగమే వినబడుతుంది" అన్నాను. అంతకన్నా చెప్పడం నాకు చాతకాలేదు. దానికి అర్థమైందో లేదో మలుపునీ స్పీకరునీ ఒకసారి మార్చి మార్చి చూసింది. తర్వాత చేత్తో నా చొక్కా కాలరు సర్దింది. అటుపక్క గదిలోంచి సరంగు తల బయట పెట్టి, నన్ను చూసి, ఒక్క తిట్టు తిట్టి మళ్లీ లోపలికి పెట్టుకున్నాడు.

పడవ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. అది మోచేత్తో మొహం తుడుచుకుని మైకు అందుకుంది. ఆ గొంతు అప్పుడు వాళ్లమ్మదీ కాదు, చదువుకున్నదీ కాదు, చిన్నప్పుడు నార మోపుల మీద కూర్చున్నప్పటిది.

"కుడి వైపు తాళ్ల కొట్టం" అంది. "ఈ పూట అక్కడ నిజంగానే ఎవరూ లేరు."

జనానికి ఏం అర్థమైందో నాకు తెలియదు. ఆఖరి వరసలో ఆవిడ మాత్రం వాళ్లత్తగారి చెవిలో, ఇవాళ ఆవపువ్వు రంగు అని చెప్పడం వినబడింది.

ఆ తర్వాత నీళ్లు ఎక్కువ రోజులు నిలవలేదు. వెళ్లే ముందు ఒక సాయంత్రం నేనే ఫోను చేసి పిలిచాను. వచ్చింది. పీట మీద కూర్చుని ఖాళీ చక్రం తిప్పింది. కిర్రుమంది. నూనె పెట్టు నాన్నా అంది. సముద్రం మొగకి తనతో వచ్చేయమని అడిగింది, ఈసారి ఒక్కసారే. రానన్నాను. ఎందుకని అడగలేదు, నేనూ పొడుగ్గా చెప్పలేదు. మెట్ల దాకా దిగబెట్టి వెనక్కి నడుస్తూ వచ్చాను, అది ఒడ్డు వెంట చిన్నదైపోతుంటే చూస్తూ.

ఇసుక దిబ్బ తేలింది. పడవని రేవులో కట్టేశారు, ప్లాస్టిక్ తాడుతో. మలుపులో కొంగలు తప్ప తిరిగేవాళ్లు లేరు. ఊరు ఇటు వైపు చూడటం మానేసింది. పగలంతా ఒక్క మాట వినబడదు, వాదించడానికి గోడ తప్ప ఎవరూ లేరు, ఉప్పు సంగతి తేలిపోయాక గోడకీ నాకూ కూడా మాటల్లేవు.

ఎండ వాలాక ఫోను మోగుతుంది. అక్కడ అవతలి ఒడ్డే కనబడదని చెబుతుంది. తిన్నావా అని అడగదు, ఎలా ఉన్నావని అడగదు.

"ఈవేళ ఏం ఆరేశావు?" అంటుంది.

చెబుతాను. అక్కణ్నుంచి ఎలాగూ కనబడదు, ఏ రంగు చెప్పినా నమ్ముతుంది. అయినా ఉతకడానికి ఏమీ లేని రోజున కూడా, మడత పెట్టిన చొక్కా ఒకటి తీసి నీళ్లలో ముంచి పిండి, మెట్ల పక్కన కమ్మీ మీద చేతులు చాపి ఆరేసి వస్తాను. వచ్చి, ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటాను.